పాతర తెరిచినవాడు

ఫారంలో పదకొండు గళ్ళున్నాయి. కృపాకుమారి పది నింపింది. బయ్యన్న పుట్టిన సంవత్సరం, పోయిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, చదువు, ఊరు, సమితి ప్రెసిడెంటుగా చేసిన ఏళ్ళు అన్నీ ఒకదాని కింద ఒకటి కుదురుగా కూర్చున్నాయి. మిగిలింది 'ప్రాముఖ్యం' అన్న గడి ఒక్కటే. దానికి రెండు వందల యాభై మాటలు మించకూడదు. రాసిన ప్రతి సంగతికీ తేదీ ఉండాలి, ఆధారం ఉండాలి. పొగడ్తలు వద్దు, తెలియనిది తెలియదనే రాయండి అని ఫారం వెనక అచ్చువేసి మరీ చెప్పారు.

జాతీయ జీవితచరిత్ర కోశం అని ఆ పనికి పేరు. దేశంలో ఏదో ఒక మేలు చేసి కన్నుమూసినవాళ్ళ వివరాలను అక్షర క్రమంలో పెద్ద పెద్ద సంపుటాలుగా తెస్తారట. ఈ నాలుగు జిల్లాల బాధ్యత హైదరాబాదులో ఉండే కదిరప్పది. ఆయన చరిత్ర ప్రొఫెసరుగా రిటైరయ్యాడు. కృపాకుమారికి చదువు చెప్పినవాడు. ఉరవకొండలో ఒక జూనియర్ కాలేజీలో కాంట్రాక్టు మీద చరిత్ర చెప్పుకుంటున్న పాత విద్యార్థిని గుర్తుంచుకుని, 2003 వేసవి సెలవులు మొదలవగానే తొమ్మిది పేర్లు పంపాడు. ఎనిమిదింటికి ఆమె నానా తంటాలు పడింది. బయ్యన్నను కావాలనే చివరికి ఉంచుకుంది. అది సులువు. ఆయన మీద అచ్చయిన పుస్తకముంది. ఆ పుస్తకం రాసింది కృపాకుమారి నాయన.

'శ్రీ బయ్యన్న గారి సన్మాన సంచిక, 1968' అన్న ఆ నలభై ఎనిమిది పేజీల పుస్తకం అట్ట మీద, అడుగున, 'రచన: బి. దానమయ్య, సమితి పాఠశాల ఉపాధ్యాయుడు, ఎర్రమిట్ట' అని ఉంటుంది. నాయన పేరు అచ్చులో ఉన్నది లోకం మొత్తం మీద ఆ ఒక్క చోటే. చిన్నప్పుడు కృపాకుమారి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ అట్ట చూపించేది. ఇప్పుడు బయ్యన్న వివరం కోశంలో పడితే, దాని కింద చిన్న అక్షరాల్లో 'ఆధారం: బి. దానమయ్య' అని పడుతుంది. చచ్చిపోయి ఆరేళ్ళయిన బడిపంతులు పేరు దేశంలోని ప్రతి లైబ్రరీకీ చేరుతుంది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు గానీ, ఈ పని ఒప్పుకున్నది అందుకే.

సంచికలో అసలు సంగతి పంతొమ్మిదో పేజీలో ఉంది. 'నందన నామ సంవత్సర వైశాఖమున ఘోర క్షామము సంభవింపగా, బయ్యన్నగారు తమ ధాన్యపు పాతరను తెరిపించి ఆకొన్న ప్రజకు జొన్నలు పంచిపెట్టించిరి. ఆ సందర్భమున ఒక కూలీ పాతరలో జారిపడి మృతి చెందుట విచారకరము.' నందన అంటే 1952. కానీ వైశాఖమంటే సరిపోదు. తేదీ కావాలి. ఆ కూలీ పేరు కూడా ఉంటే బాగుంటుందనిపించింది. ఆమె మర్నాడు పొద్దున్నే బెళుగుప్ప బస్సెక్కి, అక్కణ్ణించి ఆటోలో ఎర్రమిట్టలో దిగింది. నాయన పుట్టిన ఊరే అయినా ఆమె ఎరిగిన ఊరు కాదు. ఆమె పుట్టకముందే నాయనకు ఉరవకొండకు బదిలీ అయింది.

వాన ముఖం చూసి మూడేళ్ళయిన ఊరు. బయ్యన్న మనవడు వంశీ వాళ్ళ గోదాము ముందర షామియానా వేసి ఉంది. దాని కింద పెద్ద డేగిసాల్లో రాగి గంజి. 'స్వర్గీయ బయ్యన్నగారి ఆశయ సాధనలో గంజి కేంద్రం' అని గుడ్డ బ్యానరు, దాని మధ్యలో తలపాగాతో బయ్యన్న ఫోటో. ముసలివాళ్ళు సత్తు గిన్నెలు పట్టుకుని ఎండలో వరసగా నిలబడి ఉన్నారు. వయసులో ఉన్నవాళ్ళెవరూ వరసలో లేరు. వాళ్ళంతా బెంగళూరు వలసపోయారు.

వంశీ ఎదురొచ్చి కుర్చీ వేయించాడు. ముప్పై ఐదేళ్ళ మనిషి, తెల్ల చొక్కా నలగనివ్వడు.

"రాండి మేడమ్. మా తాత పేరు ఢిల్లీ పుస్తకంలో వస్తాదంట గదా. ఫోటో ఏస్తారా?"

"ఫోటోలు వేయరండి. రెండు వందల యాభై మాటలు మాత్రమే."

"అంతేనా? మా తాత చేసిన మంచికి అవి యాడ సాలతాయి!" అని నవ్వాడు. "సరేలెండి. మీ నాయన బాగా రాసిపెట్టినాడు, దాంట్లోదే దించేయండి. మీ కాలేజీ కమిటీలో నేనుండా, తెలుసు గదా? జూన్లో మీ రెన్యూవల్ సంగతి నేను చూసుకుంటా."

ఆమె తేదీ అడిగింది, చనిపోయిన కూలీ పేరడిగింది. రెండూ వంశీకి తెలియవు. "ఎవురో కూలోడు మేడమ్. దిగొద్దంటే దిగినాడంట" అని, ఫోనొస్తే లేచి పక్కకు పోయాడు.

కృపాకుమారి వరస దగ్గరికి వెళ్ళింది. "పెద్దోళ్ళున్నారు కదా, యాభై రెండు కరువులో బయ్యన్నగారు జొన్నలు పంచినప్పుడు చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. ఒకరిద్దరు తలలు దించుకున్నారు. గంజి పోసే ఆడమనిషి గరిటె ఎత్తినది ఎత్తినట్టే ఆగింది. ఆ గరిటె కింద గిన్నె పట్టుకున్న ముసలామె తలెత్తకుండానే అంది:

"ఎవురు పంచినారంటా?"

గంజి పోయించుకుని, గిన్నె మీద కొంగు కప్పుకుని, వరసలోంచి తప్పుకుని నడిచింది. కృపాకుమారి ఆమె వెంట పడింది.

ఆ ముసలామె పేరు రామక్క. ఊరి చివర ఒక్క గది కొట్టం. ఆమె ముందు గడప మీద కూర్చుని గంజి చివరి బొట్టు దాకా తాగింది. గిన్నెలో కాసిన్ని నీళ్ళు పోసి తిప్పి అవీ తాగింది. తరవాత వేరుశనగ కాయల మూట ముందుకు లాక్కుంది. ఎవరో మోతుబరికి విత్తనం కాయలు ఒలిచిపెట్టే పని. బొటనవేలికి గుడ్డ పేలిక చుట్టుకుని ఒక్కొక్క కాయా నొక్కుతూ, గింజ పొర చెదరకుండా చేటలో వేస్తూ, "నువ్వెవరి పిల్లవి?" అని అడిగింది.

"దానమయ్య సారు కూతుర్ని అవ్వా."

రామక్క చేతులు ఆగాయి. కళ్ళు చికిలించి ఆమెను కింది నుంచి పై దాకా చూసింది. "ఆ నుదురు చూస్తే తెలిసిపోతాండాది" అంది. "ఏం కావాలో అడుగు."

"ఆ పాతరలో చనిపోయిన మనిషి పేరు."

"తిప్పయ్య. నా మొగుడు."

కృపాకుమారి సంచీలోంచి తీయబోయిన పుస్తకాన్ని తీయకుండా వదిలేసింది.

"మూడేండ్లు వాన్లు లేవు అప్పుడు కూడా" అని రామక్క కాయలు నొక్కుతూనే చెప్పింది. గొంతులో ఎత్తూ పల్లమూ లేదు. "గడ్డలు తవ్వుకొచ్చి ఉడకేసుకొని తింటాంటిమి. నాకిద్దరు పిల్లోల్లు. చిన్నది నా రొమ్ములో పాలు లేక ఏడ్సను గూడా ఓపిక లేకుండా పడుండె. బయ్యన్న కళ్ళంలో నేల కింద తవ్విన పాతర నిండా జొన్నలుండాయని మా ఆయప్పకి తెలుసు. ఆడ జీతగాడు గదా, పోసి పూడ్చింది ఆయప్పే. పోయి కాళ్ళు పట్టుకొని అడిగినాడు. రేటు ఇంగా పెరగాల అన్యాడంట బయ్యన్న."

"తర్వాత?"

"ఒక సోమారం, బయ్యన్న కళ్యాణదుర్గం పోయుండె. మిట్టమద్యాన్నం పోయి బండ పెరికినాం. ఆడోల్లూ మొగోల్లూ ఇరవై మందిమి. పాతర తెరిస్తే ఒక దినమంతా దాని గాలి పోనియ్యాల పాపా. దీపం దించి సూడాల. దీపం ఆరిపోతే మనిషి దిగగూడదు. దించినాం. ఆరిపోయె. అందరమూ సూసినాం, ఆయప్పా సూసినాడు. సాయంత్రానికి బయ్యన్న వచ్చేస్తాడు, ఇంగెప్పుడు అని చెప్పి, నడుముకు మోకు కట్టుకొని దిగినాడు. ఏడు గంపలు పైకి పంపిచ్చె. ఎనిమిదోది రాల్యా."

ఒక కాయ గట్టిగా ఉంది. దాన్ని పంటి కింద పెట్టి చీల్చింది.

"మోకు లాగితే మనిషొచ్చినాడు. నోట్లో జొన్నలుండాయి. లోపల ఎత్తుతా ఎత్తుతా ఇన్ని నోట్లో ఏసుకున్యాడు, ఆకలికి. మింగను గూడా మింగల్యా."

బయట మేక ఒకటి అరిచి ఊరుకుంది.

"ఏడుస్తా కూకుంటే పొద్దు పోతాది. ఆయప్పని పక్కన పండబెట్టి నేనే చేట పట్టుకున్యా. ఏడు గంపలూ ఇంటికింతని పంచింది నేనే. మీ నాయనకి పన్నెండేండ్లప్పుడు. మీ నాయన్ని కన్న మీ జేజి కొంగులో పోసినా, ఈ చేత్తోనే."

మర్నాడు తాలూకా నుంచి కరువు చూడడానికి జీపులో ఆఫీసరు వచ్చాడట. రాత్రికి రాత్రి తిరిగొచ్చిన బయ్యన్న ఆయన్ని పాతర దగ్గరికి తీసుకుపోయి, జనం చస్తుంటే చూడలేక నేనే తెరిపించాను సారూ అన్నాడట.

"ఆఫీసరు మా దిక్కు తిరిగి అవునా అన్యాడు. అవునంటే దానం. కాదంటే జైలు. అందరమూ అవునంటిమి. నేనూ అంటి. మొగుణ్ణి పూడ్చిపెట్టొచ్చి, చేతులకు మన్ను గూడా కడుక్కోల్యా, అవును సారూ అంటి."

"చిన్నపాప?"

"పెద్దోడు బతికినాడు. అది నాలుగు దినాలు కడుపు నిండా గంజి తాగి పోయింది."

ఉరవకొండ చేరేసరికి సాయంత్రం నాలుగైంది. అమ్మ ఏస్తేరమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది. కృపాకుమారి సంచిక తీసి ఆమె ఒళ్ళో పెట్టి, "పంతొమ్మిదో పేజీ అబద్ధమని నాయనకు తెలుసా అమ్మా?" అని అడిగింది.

ఏస్తేరమ్మ ఆ పుస్తకాన్ని ముట్టుకోలేదు. చాలాసేపు బియ్యంలో వేళ్ళు తిప్పుతూ కూర్చుంది.

"మీ నాయన తిన్న జొన్నలవి. తెలీకుండా ఎట్లుంటాది?" అంది చివరికి. "సమితి ప్రెసిడెంటు పిలిపిచ్చి రాయమన్యాడు. ఆ కాలంలో అయ్యవార్ల ఉద్యోగాలు వాళ్ళ చేతల్లోనే ఉండె. రాయకపోతే ఏ అడివిలో పారేస్తారో. రాసినందుకు ఉరవకొండకు ఏసినారు. నువ్వీడ పుట్టినావు, ఈడ చదివినావు." రాయి ఒకటి ఏరి పారేసింది. "అచ్చయి వచ్చినాక మీ నాయన దాన్ని ఒక్క దినమూ చేత్తో పట్టుకోల్యా. నువ్వే వచ్చినోళ్ళకీ పోయినోళ్ళకీ చూపిస్తాంటివి. ఆయన లేసి బయటికి పోతాండె. నువ్వు గమనించల్యా."

కృపాకుమారి గమనించలేదు. ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కండువా భుజాన వేసుకుని, చెప్పులు వెతుక్కుంటూ, పని ఉందని గొణుక్కుంటూ నాయన వాకిలి దాటిపోవడం.

మర్నాడు ఎస్టీడీ బూతు నుంచి కదిరప్పకు ఫోను చేసింది. సంగతంతా చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు.

"నువ్వు చెప్పేది నిజమే అయ్యుంటుందమ్మా. నేనూ ఆ సీమవాణ్ణే, నాకు తెలియదా? కానీ అచ్చయిన పుస్తకం ఒకటి అట్లా అంటాండాది. ఒక అవ్వ ఇట్లా అంటాండాది. కోశంలో ఏది నిలబడుతుంది?"

"తిప్పయ్యకి విడిగా ఒక వివరం రాస్తాను సార్."

"పుట్టిన సంవత్సరం తెలుసా? పోయిన తేదీ? ఏదైనా కాగితం మీద ఆయన పేరుందా? పైగా ఒక్క దినం చేసిన పనికి జాతీయ కోశంలో చోటెట్లా ఇస్తారమ్మా?"

"బయ్యన్నగారికీ ఆ ఒక్క దినమే కదా సార్ ఇస్తున్నది. అది తీసేస్తే ఆయనొక సమితి ప్రెసిడెంటు. అట్లాంటివాళ్ళు జిల్లాకి పదిమంది."

"కాగితం తే" అన్నాడు కదిరప్ప. "ఎంత చిన్నదైనా సరే. కాగితం తెస్తే నేను కొట్లాడతాను."

పాత తాలూకా రికార్డులు ఉన్న గదికి రెండు రోజులు తిరిగి, దరఖాస్తు ఇచ్చి, సంతకం చేయించుకుని ఆమె లోపలికి పోగలిగింది. రికార్డు గది అటెండరు ఎర్రిస్వామికి రిటైర్మెంటు దగ్గర పడింది. ముక్కుకు తువ్వాలు కట్టుకుని, నిచ్చెనెక్కి, ఎర్ర గుడ్డ కట్టలను ఒక్కొక్కటే దించాడు. గుడ్డ ముడి ముట్టుకుంటేనే పొడి అయిపోయేలా ఉంది.

"జనన మరణాల రిజిస్టర్లు యాభై ఒకటి ఉండాది, యాభై మూడు ఉండాది. యాభై రెండు చెదలు తినేసిందేమో మేడమ్."

"ఇంకోసారి చూడు అన్నా."

మధ్యాహ్నం రెండు దాటాక, పన్నుల కట్టల మధ్యలో అది దొరికింది. సగం ఊళ్ళ కాగితాలు జల్లెడ అయ్యాయి. ఎర్రమిట్ట పుటలు అంచులు పోయినా అక్షరాలు మిగిలాయి. ఊరి మునసబు రాత, నీలి సిరా గోధుమ రంగుకు తిరిగింది. ఆ మే నెలలో పుట ఒకటి చాలక రెండో పుటలోకి పోయాయి మరణాలు. కారణం గడిలో 'జ్వరము', 'జ్వరము', 'విరేచనములు', 'జ్వరము'. ఆకలి అన్న మాట ఒక్కచోటా లేదు. ఆమె వేలు పెట్టి ఒక్కో వరసా దిగింది.

'19-5-52. తిప్పయ్య, తండ్రి లింగప్ప, వయస్సు 26, కూలి. బయ్యన్న గారి పాతర పగులగొట్టి దొంగతనము చేయుచుండగా ఊపిరాడక మృతి.'

ఆమెకు మొదట మొహం మీద కొట్టినట్టయింది. ఆ మనిషి పేరు భూమ్మీద ఒక్క కాగితం మీద ఉంటే, ఆ కాగితం అతన్ని దొంగ అంటోంది. పుస్తకం మూసేయబోయింది. ఎర్రిస్వామి ఆమె భుజం మీదుగా ఒంగి, కళ్ళజోడు సర్దుకుని, పెదాలు కదుపుతూ చదివాడు.

"బయ్యన్న అంటే ఆ దానం చేసినాయప్పే గదా? గంజి కేంద్రం బ్యానరు మీద ఉండే ఆయప్ప?"

"ఆయనే."

"మరి దానం చేసిన గింజలకి దొంగోడు యాడ నుంచి వచ్చినాడు మేడమ్?"

కృపాకుమారి మళ్ళీ ఆ వరస చదివింది. తేదీ చూసింది. సోమవారం సాయంత్రమే మునసబు ఇది రాసి ఉంటాడు. జీపు వచ్చింది మంగళవారం. బయ్యన్న దాత అయింది మంగళవారం. సోమవారం రాసిన దాన్ని దిద్దాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. కూలోడి చావును తెరిచి చూసేదెవరు?

ఎర్రిస్వామే స్టూలు లాగి ఆమెను కూర్చోబెట్టి, నకలు కోసం దరఖాస్తు కాగితం తెచ్చి ఇచ్చాడు. సాయంత్రానికి ముద్ర వేసిన నకలు చేతికొచ్చింది.

మర్నాడు ఎర్రమిట్టకు పోయింది. రామక్క అదే గడపలో, అదే మూట ముందర ఉంది. కృపాకుమారి పక్కన కూర్చుని చదివింది. పేరు, తండ్రి పేరు, వయసు, తేదీ. "ఊపిరాడక మృతి" అని ముగించింది.

"ఇరవై ఆరా?" అంది రామక్క. "నా మనవడు వాని కన్నా పెద్దోడిప్పుడు" అని, తల ఊపుకుని, "అంతే రాసినాడా? మునసబు అంత మంచోడేం గాదే" అంది.

కృపాకుమారి తల దించుకుని మొత్తం చదివింది.

"ఈ మాట నేను తీసేస్తా అవ్వా. ఆకలి తీర్చడానికి పాతర తెరిచినాడు అని రాస్తా. దొంగతనం అనే మాట ఎక్కడా రానివ్వను."

"తీయొద్దు."

చేటలోకి పడబోయిన గింజ చేతిలోనే ఉంది రామక్కకు. దాన్ని పిడికిట్లో పట్టుకుంది.

"అది తీసేస్తే ఇంగేం మిగులుతాది? బయ్యన్న ఇస్తాంటే మావోడు జారి పడినాడని మల్లా అదే కత. మీ నాయన రాసిండే కత. దొంగతనం చేసినాడు పాపా. నేను పక్కనుండి చేపిచ్చినా. అడిగితే ఇయ్యల్యా, అందుకే దొంగతనం చేసినాం. ఆ మాట నోట్లో పెట్టుకొని యాభై ఏండ్లు, అడిగినోళ్ళందరికీ అవును, దానమే, దానమే అంటా బతికినా. ఆ ఫోటో కింద గిన్నె పట్టుకొని నిలబడతాండా దినమూ. నువ్వొచ్చి ఇప్పుడు వాన్ని గూడా పుణ్యాత్ముణ్ణి చేస్తావా? దొంగ అనే రాయి. ఎవురి పాతర పగలగొట్టినాడో అది గూడా రాయి."

కృపాకుమారి నాయన గురించి ఏదో చెప్పాలనుకుంది. క్షమించమని అడగడమో మరేదో. రామక్క ముందే అందుకుంది.

"మీ నాయన మీద నాకు కోపం లేదులే. వాడూ అవునన్నోడే. నేను నోటితో అంటి, వాడు చేత్తో రాసినాడు. అంతే."

ఆ సాయంత్రం వంశీ కృపాకుమారి ఇంటికి వచ్చాడు. రికార్డు గదిలో ఏం దొరికిందో అతనికి అప్పటికే తెలిసిపోయింది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఏస్తేరమ్మ ఇచ్చిన నీళ్ళు తాగి, గ్లాసు మర్యాదగా కింద పెట్టాడు.

"మేడమ్, మీ నాయన రాసింది మీరే అబద్ధమంటే బాగుంటాదా? లోకం ఎవుర్ని చూసి నవ్వుతాది?"

"మమ్మల్నేనండి."

"యాభై ఏండ్ల నాటి సంగతి. మా గంజి కేంద్రంలో దినానికి వందమంది తాగుతాండారు. ఆ పేరు మీదనే గదా తాగుతాండారు? పేరు పోతే గంజీ పోతాది. ఆలోచన చేయండి." అతను బెదిరిస్తున్నట్టు లేదు. నిజంగానే అలా నమ్ముతున్నట్టున్నాడు. లేచి, "జూన్లో కమిటీ మీటింగు ఉండాది" అన్నాడు, వెళ్ళిపోయాడు.

ఏస్తేరమ్మ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. పోతూ కూతురి మొహంలోకి చూడలేదు, వద్దనీ అనలేదు.

కృపాకుమారి ఫారం ముందు కూర్చుంది. పదకొండో గడిలో రాయడం మొదలుపెట్టింది. విశేషణాలు లేకుండా, తేదీలతో రాసింది. 1952 మే 19న బయ్యన్న పాతరను అతని జీతగాడు తిప్పయ్యతో కలిపి ఇరవై మంది పగలగొట్టి ధాన్యం దొంగిలించారు. అంతకు ముందు అడిగితే బయ్యన్న నిరాకరించాడు. తిప్పయ్య పాతరలో ఊపిరాడక మరణించాడు. అతని భార్య రామక్క ధాన్యాన్ని ఊరికి పంచింది. మర్నాడు బయ్యన్న పాతరను తానే తెరిపించినట్టు అధికారికి చెప్పాడు. నూట తొంభై ఆరు మాటలయ్యాయి. ఆధారాలు: ఎర్రమిట్ట గ్రామ మరణాల రిజిస్టరు, రామక్క సాక్ష్యం. మూడోదాని దగ్గర కలం ఆగింది. బి. దానమయ్య అని నాయన పేరు రాసింది. ఆ పేరు పక్కన, 'ఈ సంఘటన విషయంలో నమ్మదగినది కాదు' అని రాసింది. ఆ ఐదు మాటలు రాయడానికి పట్టినంత సేపు మిగతా ఏదీ పట్టలేదు. పొద్దున్నే రిజిస్టరు పోస్టులో పంపింది.

జూన్లో ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. అమ్మను తీసుకుని గుంతకల్లు పోయి ఒక ప్రైవేటు స్కూల్లో చేరింది. ఆగస్టులో ఎర్రమిట్ట గంజి కేంద్రం మూతపడింది. దానికీ దీనికీ సంబంధం ఉందో, వానలు పడ్డాయని మూశారో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు. తెలియనిది ఆమెను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

సంపుటం 2007 చివర్లో వచ్చింది. ఇటుకంత బరువు, బంగారు అక్షరాల అట్ట. లోపల కదిరప్ప చేతిరాతతో చిన్న చీటీ ఉంది: 'పై వాళ్ళతో కొట్లాడినానమ్మా. ఇంతే చేయగలిగినాను.' బయ్యన్నకు పదకొండు వరసలిచ్చారు. తిప్పయ్య పేరు లేదు. ఏడో వరసలో ఇలా ఉంది: '1952 కరువులో ఈయన పాతరలోని ధాన్యం గ్రామస్థులకు చేరింది.' కింద: 'ఆధారాలు: గ్రామ రిజిస్టరు, స్థానిక సాక్ష్యం.' దానమయ్య పేరు కూడా లేదు.

ఆమె ఆ వరసను అప్పచెప్పగలిగేన్ని సార్లు చదివింది. చేరింది. ఎవరు చేర్చారో లేదు, ఎట్లా చేరిందో లేదు. జొన్నలు కాళ్ళు మొలిచి నడిచి పోయినట్టు ఉంది. నాలుగేళ్ళు ఎదురుచూసింది దీనికా అనిపించింది. ఎర్రమిట్టకు పోకూడదనుకుంది. వారం గడిచాక, ఆదివారం చర్చి అయ్యాక, పుస్తకం సంచీలో వేసుకుని బస్సెక్కింది.

రామక్కకు చూపు దాదాపు పోయింది. కొట్టం ముందు ఎండలో కూర్చుని ఉంది. చేతులు మాత్రం ఊరుకోలేదు, ఒడిలో కాయలున్నాయి. కృపాకుమారి గొంతు విని, "దానమయ్య కూతురా? వచ్చెనా పుస్తకం?" అంది.

"వచ్చింది అవ్వా. కానీ నేను రాసినట్టు రాలేదు."

ఆ వరస చదివి వినిపించింది.

"వాని పేరు ఉండాదా?"

"లేదు."

"నాది?"

"స్థానిక సాక్ష్యం అని ఉంది. అది నువ్వే. పేరు వేయలేదు."

రామక్క ఇంకోసారి చదవమంది. కృపాకుమారి చదివింది. ముసలామె చెవి ముందుకు పెట్టి, ఒక్కొక్క మాటనూ గింజలా తడిమి చూస్తున్నట్టు విన్నది.

"చేరింది అన్యారా?"

"అవును అవ్వా. చేరింది."

"బయ్యన్న ఇచ్చినాడని లేదు?"

"లేదు."

"పంచినాడని?"

"లేదు."

"ఎవురన్నా చదివితే ఇచ్చినాడని అనుకోను వీల్లేదు గదా?"

"అనుకునేవాళ్ళు అనుకుంటారు. రాసైతే లేదు."

రామక్క నోరు కదిలింది. నవ్వో, పళ్ళు లేని చిగుళ్ళు ఆడించడమో తెలియలేదు.

"ఊఁ. యాభై ఏండ్లకి బయ్యన్న చేతిలోంచి ఆ మాట గుంజుకొంటిమి" అంది. "మంచి పనే చేసినావులే. ఇట్ల నీడకి జరిగి కూకో పాపా, ఎండ మొగం మీద కొడతాండాది." మాట్లాడుతూనే ఒడిలోంచి ఇంకో కాయ తీసుకుని నొక్కింది.